డ్రమ్ముకూ లేబులుకూ కుదరాల్సిన లెక్క

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పండే తోతాపురి మామిడిలో పెద్ద భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే చేరుతుంది. అక్కడ గుజ్జును వేడిచేసి, చల్లార్చి, ఉక్కు డ్రమ్ములో అమర్చిన అసెప్టిక్ సంచిలోకి, అంటే ముందే క్రిమిరహితం చేసిన సంచిలోకి, బయటి గాలి సోకకుండా నింపుతారు. ఒక్కో డ్రమ్ములో ఇంచుమించు 215 కిలోలు పడుతుంది. డ్రమ్ములన్నీ ఒకే తీరుగా ఉంటాయి కనుక, లోపలి సరుకు ఏ రోజుది, ఏ లాటుది, దాని బ్రిక్స్, అంటే కరిగిన చక్కెర కొలత, ఎంత అన్నది చెప్పగలిగేది పైనున్న లేబులొక్కటే. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నాటి నిబంధనలు చిల్లరగా అమ్మని ఇలాంటి పెద్ద డ్రమ్ములపైనా లాటు సంఖ్యను తప్పనిసరి చేశాయి.

నింపే యంత్రాన్ని నడిపేది పీఎల్‌సీ. సెన్సార్ల నుంచి సంకేతాలు తీసుకుని, ముందుగా రాసిపెట్టిన క్రమంలో వాల్వులనూ మోటార్లనూ నడిపే ఈ నియంత్రికకు తూకమూ లాటూ ముందే తెలుసు. వాటిని మనిషి మళ్లీ టైపు చేయడమంటే తప్పుకు తలుపు తెరవడమే. లేబులు ముద్రించే ప్రింటరుతో పీఎల్‌సీని కలపడానికి రెండు దారులున్నాయి. మొదటిది 24 వోల్టుల తీగలతో 'ముద్రించు' అనే సంకేతం పంపడం. ఇందులో సమయమే తప్ప సమాచారం వెళ్లదు. రెండోది ఈథర్నెట్ కేబులు ద్వారా అక్షరాలనే పంపడం. చాలా ప్రింటర్లు 9100 అనే నెట్‌వర్కు పోర్టులో వినడానికి సిద్ధంగా ఉంటాయి. జెడ్‌పీఎల్ అనే ముద్రణ భాషలో లేబులు నమూనాను ప్రింటరు జ్ఞాపకంలోనే దాచి, లాటు, తూకం, వరుస సంఖ్య వంటి మారే అంకెలను మాత్రమే పంపితే పీఎల్‌సీ మీద భారం తగ్గుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది: పంపిన ప్రతిదీ ముద్రణ అయినట్టు కాదు. లేబులు రోలు అయిపోయిన క్షణంలో ప్రింటరు ఆగినా, అప్పటికే అందిన సమాచారం దాని బఫరులో, అంటే తాత్కాలిక జ్ఞాపకంలో, వరుస కట్టి నిలుస్తుంది. కొత్త రోలు ఎక్కించగానే కొన్ని ప్రింటర్లు ఆగిపోయిన లేబులును మళ్లీ మొదటి నుంచి ముద్రిస్తాయి. ఆ ఒక్క లేబులు అదనమైతే చాలు, ఆ తరువాతి డ్రమ్ములన్నిటికీ ముందు డ్రమ్ము సంఖ్యే అంటుకుంటూ పోతుంది. లైను మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది.

అందువల్ల ఒక్కో డ్రమ్ముకు ఒక్కో లేబులే పంపి, 'ముద్రణ పూర్తి' అనే జవాబు తిరిగి అందాకనే తరువాతి సంఖ్యకు కదిలేలా ప్రోగ్రాము రాయాలి. రోలు మార్చినప్పుడు బఫరును ఖాళీ చేయించి, ఏ డ్రమ్ము దగ్గర ఆగిందో ఆ డ్రమ్ము సంఖ్యతోనే పీఎల్‌సీ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అంటించాక స్కానరు బార్‌కోడును చదివి, పీఎల్‌సీలోని సంఖ్యతో సరిపోకపోతే కన్వేయరును ఆపేయాలి. ఇక లేబులు కాగితం సంగతి: వేడికి నల్లబడే కాగితం ఎండకు వెలిసిపోతుంది, డ్రమ్ము చెమ్మకు మామూలు కాగితం ఊడిపోతుంది కాబట్టి, రెజిన్ సిరా రిబ్బనూ ప్లాస్టిక్ లేబులూ ఖరీదైనా వాడక తప్పదు.

పుత్తూరు చుట్టుపక్కల ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి గుజ్జు ఫ్యాక్టరీల్లోనో శ్రీసిటీ పారిశ్రామికవాడలోనో పనికి కుదిరే యువకులు తీగలు కలపడంతోపాటు ఈ జవాబు సంకేతాన్ని ప్రోగ్రాములో రాయడమూ నేర్చుకోవాలి. యజమానులు ప్రింటరు కొనేటప్పుడు ధరకన్నా ముందు, అది పీఎల్‌సీకి తిరిగి జవాబు చెప్పగలదా అని అడగాలి.