పొయ్యి ముందే చెబుతుంది
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

వంటలూ వడ్డనలూ ముగించుకుని కాస్త నడుం వాల్చిన సోదరీమణులందరికీ ఒక చిన్న సంగతి చెబుదామని వచ్చాను. సంగతి చిన్నదే గానీ ప్రాణాలతో ముడిపడినది.

మాది నరసాపురం. నిరుడు వానాకాలంలో మా ఇంట్లో గిన్నెల అడుగులకు మసి పట్టడం మొదలైంది. రెండు రోజులు నాలో నేనే గొణుక్కున్నాను. మూడోనాడు పనిమనిషిని పైకే అనేశాను, "ఏమ్మా, కాస్త చెయ్యి నొక్కి తోమకూడదూ?" అని. ఆవిడ తొణకలేదు. "నా తోముడులో తేడా లేదండి అమ్మగారూ. పొద్దున్న తళతళా తోమిచ్చిన గిన్నె సాయంత్రానికి నల్లగా వస్తందండి. మసి మీ పొయ్యిలోంచి వస్తంది గానండి, నా చేతిలోంచి కాదండి" అంది. వెళ్ళి స్టవ్వు వెలిగించి చూద్దును గదా, నీలంగా ఉండవలసిన మంట పసుపుపచ్చగా నాలుకలు చాస్తోంది! తప్పు నా స్టవ్వుది, మాట పడ్డది ఆవిడ. ఏమీ అనుకోకమ్మా అని చెప్పుకున్నాను.

ఆ రోజు నాకు తెలిసివచ్చింది ఒక్కటే. పొయ్యి పాడయ్యే ముందు మనతో చెబుతుంది. మంటతో చెబుతుంది, చప్పుడుతో చెబుతుంది, వాసనతో చెబుతుంది. వినవలసినవాళ్ళం మనం.

మొదట మంట సంగతి. గ్యాసుకు తగినంత గాలి కలిస్తే మంట నీలంగా, నిలకడగా ఉంటుంది. గాలి చాలకపోతే పసుపుపచ్చగా మారి మసి కక్కుతుంది. పాలు పొంగినా, గంజి పొర్లినా బర్నరు కన్నాలు పూడుకుపోతాయి. బర్నరు కింద గొట్టంలో సాలీడు గూడు కట్టినా అంతే. మాది సముద్రానికి దగ్గర ఊరు గనక ఉప్పుగాలికి తుప్పు కూడా త్వరగా పడుతుంది. ఉప్పు రవ్వ మంటలో పడి ఒక్క క్షణం పసుపుపచ్చగా మెరిస్తే మాత్రం కంగారు పడకండి, అది జబ్బు కాదు. అదే రంగు నిలిచిపోతేనే జబ్బు.

దీనికి సగం వైద్యం మన చేతిలోనే ఉంది. రెగ్యులేటరు కట్టేసి, బర్నరు చల్లారాక తీసి, వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాకనే తిరిగి పెట్టండి. ఒక్క హెచ్చరిక. వెనక పంపు స్టవ్వుల కాలంలో మనమంతా పిన్ను పెట్టి పొడిచి వెలిగించుకున్నవాళ్ళమే. ఆ అలవాటు కొద్దీ గ్యాసు స్టవ్వు లోపలి ఇత్తడి జెట్టును పిన్నుతో పొడవకండి. ఆ కన్నం ఏమాత్రం పెద్దదైనా గ్యాసు ఎక్కువ వచ్చి మంట మరీ చెడుతుంది. అది మెకానిక్కు పని.

రెండోది చప్పుడు. కట్టేసినప్పుడు "టప్" మని పేలినట్టు వినిపించినా, మంట బర్నరును విడిచి పైకెగురుతూ బుస్సుమంటున్నా గాలీ గ్యాసూ సరిపాళ్ళలో లేవన్నమాట. బర్నరు కిందనో, నాబ్ దగ్గరనో మంట కనబడితే మాత్రం ఆలోచించవద్దు. వెంటనే రెగ్యులేటరు కట్టేసి, బాగుచేయించేదాకా ఆ స్టవ్వు ముట్టుకోకండి. నాబ్ బిగుసుకుపోయినా, సిమ్ములో పెట్టినా మంట తగ్గకపోయినా కొబ్బరినూనె చుక్క వేసి సరిపెట్టుకోకండి. మెకానిక్కును పిలవండి.

మూడోది ట్యూబు. నారింజ రంగు ట్యూబును నెలకోసారి పొడుగునా తడిమి చూడండి. పగుళ్ళు, మెత్తదనం, ఎలుక కొరికిన గుర్తు ఏది కనబడినా మార్చవలసిందే. అయిదేళ్ళు దాటితే బాగున్నట్టు కనిపించినా మార్చాలి. అందంగా ఉంటుందని దానికి గుడ్డ తొడుగు వేస్తే పగులు కనబడదు.

నాలుగోది బండ. ఇళ్ళకిచ్చే బండలో గ్యాసు 14.2 కిలోలు. పెట్టిన తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. అదే కుటుంబానికి, అదే వంటకు బండ వారం ముందే అయిపోతూంటే గ్యాసు ఎక్కడో వృథా పోతున్నట్టే. బండ మెడ దగ్గర ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జూలై నుంచి సెప్టెంబరు, డి అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటిన బండను తీసుకోకండి.

ఇక వాసన. వంటగ్యాసుకు నిజానికి వాసన ఉండదు. కారితే తెలియాలని మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు. ఈ గ్యాసు గాలికంటే బరువు గనక నేలబారున పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు వేయవద్దు, వెలుగుతున్నది ఆర్పవద్దు, ఫ్యాను జోలికి పోవద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, పిల్లలతో బయటికి రండి. బయటికొచ్చాకే 1906 నంబరుకు ఫోను చేయండి. ఎక్కడ కారుతోందో అగ్గిపుల్ల గీసి వెతికేవాళ్ళు ఇంకా ఉన్నారు, అంత పని చేయకండి! అనుమానం తీర్చుకోవాలంటే స్టవ్వు ఆర్పి ఉన్నప్పుడు సబ్బు నురుగు రాయండి. బుడగలు లేచినచోటే లోపం.

గోదావరికి ఆ దరిని, తాటిపాక దగ్గరి నగరం గ్రామం సంగతి మన ప్రాంతంవాళ్ళు మరిచిపోలేరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున పైపులైనులోంచి కారిన గ్యాసు ఊరి మీద పరుచుకుని, నిప్పు తగిలి భగ్గుమంది. ఇరవైమందికి పైగా చనిపోయారు. అది పెద్ద పైపు, మనది చిన్న ట్యూబు. నిప్పుకు ఆ తేడా తెలియదు.

వాసన లేని ప్రమాదం ఇంకొకటి ఉంది. మంట సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి, మనిషి నిద్రలోనే పోవచ్చు. చలిదేశాల్లో ఇల్లంతా వెచ్చబరచే ఫర్నేసులు ఉంటాయి. మా చెల్లెలి కూతురు అమెరికాలో ఉంటుంది. వాళ్ళూ ఫర్నేసు మంట పసుపుపచ్చగా మారితే బాగుచేసేవాణ్ణి పిలుస్తారట. ఈ విషవాయువును కనిపెట్టి మోగే గంట కూడా ఇంట్లో పెట్టుకుంటారట. మనకు చలి లేదు గదా అనుకోకండి. బాలింత గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టడం, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు వెలిగించడం మన ఇళ్ళలో ఉన్నవే. ఎక్కడ నిప్పు ఉంటే అక్కడ కిటికీ తెరిచి ఉండాలి.

మా స్టవ్వుకు మెకానిక్కు వచ్చి బర్నరు గొట్టంలోంచి సాలీడు గూడు బయటకు తీశాడు. పావుగంట పని! ఇప్పుడు మా గిన్నెలు మళ్ళీ తళతళలాడుతున్నాయి. ఈ సాయంత్రం కాఫీకి స్టవ్వు వెలిగించినప్పుడు గిన్నె పెట్టేముందు ఒక్క నిమిషం మంట కేసి చూడండి. నీలంగా ఉంటే నిశ్చింతగా కాఫీ పెట్టుకోండి. పసుపుపచ్చగా ఉంటే ఎవరినీ కోప్పడకండి, స్టవ్వు సంగతి చూడండి.