నరముల కణితులు - ప్రయోగశాలలోని పెంపకము
(ప్రసంగ పాఠము)



మేము పల్లెలకు వచ్చినపుడు ఎరువులనుగూర్చియో, మంచినీటి బావులనుగూర్చియో చెప్పుట పరిపాటి. నేడు ఒక వ్యాధినిగూర్చి చెప్పదలచితిమి. చిన్ననాటినుండి కాఫీరంగు మచ్చలు, పెద్దయిన పిదప ఒడలెల్ల మెత్తని బొడిపెలు గలవారిని మీలో కొందరు చూచియుందురు. కుష్ఠు అను భ్రమతో అట్టివారిని పంక్తికి రానీయనివారు కలరు. (కుష్ఠు సయితము నేడు మందులతో నయమగుచున్నది.) ఇది అంటువ్యాధి కానేకాదు.

దీని పేరు న్యూరోఫైబ్రోమటోసిస్. సుమారు 3,000 మంది శిశువులలో ఒకరికి కలుగును. 1882లో జర్మను వైద్యుడు రెక్లింగ్‌హౌజెన్ దీనిని వివరించెను. మూలమైన జన్యువును 1990లో కనుగొనిరి. కణములు మితిమీరి పెరుగకుండ పట్టియుంచు పగ్గము వంటిది ఆ జన్యువు. అది చెడినపుడు నరములను చుట్టియుండు కణములు పెరిగి కణితులగును. రోగులలో ఇంచుమించు సగముమందికి ఇది తల్లివలననో తండ్రివలననో సంక్రమించినది. తక్కినవారికి వంశములో లేకయే క్రొత్తగా కలిగినది. కావున కోడలిని నిందించు అత్తగారికి ఇందు ఆధారమేమియు లేదు.

మందు కనుగొనుటకు కణితిని శరీరము వెలుపల పెంచి చూడవలెను. కాని కోసి తెచ్చిన కణములు గాజుపాత్రలో కొంతకాలమే పెరిగి ఆగిపోవును. 2006లో జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనకా ఎలుక కణములను, 2007లో మానవ కణములను, ఏ అవయవపు కణముగనైన మారగల తొలిదశకు మరలించెను. ఈ మార్గముననే స్పెయిను శాస్త్రజ్ఞులు రోగుల కణితులనుండి మూలకణములను సిద్ధపరచినట్లు 2019లో ప్రకటించిరి. వానిని నరపు కణములుగా మార్చి, కణితిలో సహజముగా నుండు ఇతర కణములతో కలిపి, చిన్న ఉండలుగా పెంచిరి. అట్టి ఉండలను ఎలుకల నరములలో నాటగా మానవ కణితులను పోలినవి ఏర్పడినట్లు 2022లో తెలిపిరి.

నారుమడిలో ఒక మూల క్రొత్త మందు చల్లి చూచినట్లు, రోగికి అపాయము లేకుండ ఈ ఉండలపై మందులను పరీక్షింపవచ్చును. ఐనను ఉండలో రక్తప్రసారము లేదు. తుదకు మనుష్యులలో పరీక్షింపక తప్పదు. శస్త్రచికిత్సకు లొంగని కొన్ని కణితులకు సెలుమెటినిబ్ అను మందును 2020లో అమెరికా పిల్లలకు అనుమతించెను. అది పలువురిలో కణితిని కుదించినది, వ్యాధిని నిర్మూలింపదు.

ఆరు లేక అంతకు మించి కాఫీరంగు మచ్చలున్న బిడ్డ మీ గ్రామమున నున్నచో జిల్లా ఆసుపత్రికి పంపుడు. కన్నులు, వెన్నెముక, రక్తపుపోటు ఏటేట చూపింపవలెను. వాతలు పెట్టువారిని, బొడిపెలు కోయు నాటువైద్యులను చేరనీయకుడు. కణితి వేగముగా పెరిగినను, నొప్పి పుట్టినను, మరునాటికి వాయిదా వేయరాదు.