ఫ్రాంచైజీ గడువు అయిపోయింది.. తెల్లారి షట్టర్ లేపొచ్చా?



మన ఊరి మెయిన్ రోడ్డు మీద ఒకసారి నడవండి. టీ షాపు, ఐస్‌క్రీమ్, సెలూన్, ప్లే స్కూల్.. చాలా బోర్డుల మీదున్న పేరు లోపల గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయనది కాదు, కంపెనీది. ఐదేళ్లకు అగ్రిమెంట్ రాసుకున్నరు, ఐదేళ్లు అయిపోయినయ్, రెన్యూవల్ కాలేదు అనుకుందాం. కిరాయి మీరే కడుతున్నరు, పనోళ్లు మీవాళ్లే. తెల్లారి షట్టర్ లేపొచ్చా?

లేపొచ్చు. కానీ ఆ పేరుతో కాదు.

మన దేశంలో ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం.. ప్రధానంగా వీటితోనే నడుస్తది. పేరు, లోగో, రంగులు, కప్పుల మీద ప్రింటు, ఇవన్నీ మీకు గడువు వరకే ఇచ్చిన లైసెన్స్. తర్వాత అదే బోర్డు ఉంచితే ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన అవుతది. కంపెనీ కోర్టుకెళ్లి స్టే తెచ్చుకోవచ్చు, నష్టపరిహారం కూడా అడగొచ్చు. బోర్డు దింపేసి గూగుల్ మ్యాప్స్‌లో, ఇన్‌స్టాలో, స్విగ్గీలో పాత పేరు వదిలేసినా ఇబ్బందే.

2017 ఆగస్టులో మెక్‌డొనాల్డ్స్ ఉత్తర, తూర్పు భారతంలోని 169 అవుట్‌లెట్ల అగ్రిమెంట్ రద్దు చేసి, 15 రోజుల్లో పేరు వాడటం ఆపమంది. అది గడువు తీరడం కాదు, మధ్యలో రద్దు. గొడవ 2019 మేలో రాజీతో తేలింది. అంత పెద్ద కంపెనీల మధ్య కూడా మొదటి లొల్లి పేరు దగ్గరే!

ఇప్పుడు అసలు భయం. "గడువు తర్వాత రెండేళ్లు ఇదే వ్యాపారం చేయొద్దు" అని రాసుంటది. సంతకం పెట్టినం కాబట్టి అయిపోయింది అనుకుంటరు చాలామంది. అట్ల కాదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం, ఒకరిని వ్యాపారం చేయకుండా ఆపే ఒప్పందం అంతవరకు చెల్లదు. జహీర్ ఖాన్ తెలుసు కదా? ఆయన మూడేళ్ల అగ్రిమెంట్ అయిపోయినంక కూడా, కొత్త డీల్ ఏదొచ్చినా ముందు మాకే అవకాశం ఇవ్వాలని పర్సెప్ట్ కంపెనీ కోర్టుకెళ్లింది. గడువు దాటిన ఆంక్ష చెల్లదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఫ్రాంచైజీ కేసు కాదు, కానీ లాజిక్ ఇక్కడా పనికొస్తది.

గడువు లోపల మాత్రం లెక్క వేరు. 1995లో గుజరాత్ బాట్లింగ్ కేసులో, అగ్రిమెంట్ నడుస్తున్నప్పుడు పోటీ కంపెనీ డ్రింకులు తయారు చేయొద్దన్న కోకా కోలా షరతును అదే కోర్టు సమర్థించింది.

అయితే వ్యాపారం ఆపలేరు అంటే రెసిపీ మనదైపోయిందని కాదు. కంపెనీ సీక్రెట్లు, మాన్యువల్స్, కస్టమర్ల డేటా వాపస్ ఇవ్వాల్సిందే. నేను కోడ్ రాసేటోణ్ని కాబట్టి నా భాషలో చెప్తా: యాప్ క్లోజ్ చేసినా బ్యాక్‌గ్రౌండ్‌లో కొన్ని నడుస్తనే ఉంటయ్ కదా? అగ్రిమెంట్ చివరి పేజీల్లో 'సర్వైవల్' క్లాజ్ అదే. పాత రాయల్టీ బాకీ, ఆర్బిట్రేషన్, రహస్యాలు.. గడువుతో ఇవి చావవు.

ఇంకోటి, షాపు లీజు ఎవరి పేరు మీదుందో చూసుకోండి. కంపెనీ పేరు మీదుంటే, లేదా గడువు తర్వాత షాపు తామే తీసుకునే హక్కు రాసుకునుంటే, సెక్షన్ 27 ఉన్నా మీరు కూర్చునే జాగనే పోతది. నన్నడిగితే సంతకానికి ముందు చదవాల్సిన మొదటి లైన్ ఇదే.

డిపాజిట్? బోర్డు దింపిన ఫొటోలు, సామాను అప్పజెప్పిన లిస్టు, బాకీ లేదన్న లెటర్.. మూడూ ఈమెయిల్‌లో పెట్టుకుని అప్పుడు అడగండి.