చక్రములపై సంసారము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో వేసవి సెలవులు ఆరంభము కాగానే రహదారుల వెంట ఒక తీరు వాహనము విరివిగా కనబడును. చూపునకు పెద్ద బస్సువలె ఉండును. లోనికి పోయి చూచినచో పడకలు, గ్యాసు పొయ్యి, రెఫ్రిజిరేటరు, భోజనపు బల్ల, స్నానపుగది, మరుగుదొడ్డి, ఒక సంసారమునకు కావలసినవన్నియు అందే అమర్చియుండును. దీనికి వారు పెట్టిన పేరు రిక్రియేషనల్ వెహికిల్, క్లుప్తముగా ఆర్.వి. అందురు. ఇంజను తనయందే కలది మోటారు హోము. వేరొక వాహనము వెనుక తగిలించి లాగుకొనిపోవునది ట్రెయిలరు. మనము రెంటిని కలిపి ఇంటిబండి అని చెప్పుకొందము.

ఈ ఊహ పాతదే. 1910లో న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో పియర్స్ యారో సంస్థవారు ప్రదర్శించిన బండిలో వెనుక సీటు పరచినచో పడక అయ్యెడిది. డ్రైవరు సీటు వీపు నుండి చేతులు కడుగుకొను తొట్టి మడత విప్పుకొని దిగెడిది. వెనుకనున్న దొరలు ముందున్న డ్రైవరుతో మాటలాడుటకు టెలిఫోను కూడ ఉండెను. అది ధనికుల వేడుక. 1966లో ఐయోవా రాష్ట్రమందలి ఫారెస్టు సిటీ అను చిన్న పట్టణమున విన్నెబాగో సంస్థవారు మోటారు హోములను పెద్దయెత్తున తయారుచేయనారంభించిన పిమ్మట మధ్యతరగతి కుటుంబములు సైతము వానిని కొనగలిగిరి. నేడు వారము పది దినములకు అద్దెకును దొరకును. అచ్చట స్థిరపడిన మన తెలుగువారు, స్వదేశము నుండి తల్లిదండ్రులు వచ్చినప్పుడు, ఎల్లోస్టోనుకో గ్రాండు కాన్యనుకో ఇట్టి బండిలో తీసికొనిపోవుట కలదు. హోటలు తిండి పడని పెద్దలకు బండిలోనే ఇంత అన్నము వండుకొనవచ్చుననుట గొప్ప ఆకర్షణ. మన శ్రోతలలో అట్టి ప్రయాణమునకు పోబోవువారు కొందరుండవచ్చును. బండి యొక్క సుఖములను గూర్చి పిల్లలు ముందే వ్రాసియుందురు. అందు ఏమేమి చెడునో, ఎందుకు చెడునో నేను చెప్పదలచితిని.

నేలమీది ఇంటికి కొన్ని కష్టములున్నవి: కప్పు కారుట, గొట్టము పగులుట, గ్యాసు లీకగుట. మోటారుకు వేరు కష్టములున్నవి: టైరు పగులుట, బ్రేకు పట్టకపోవుట. ఇంటిబండిలో ఈ రెండు తెగల కష్టములును ఒకదానినొకటి పెంచును. ఇంటి సామాను బరువునకు టైరు పగులును. దారి కుదుపులకు గ్యాసు గొట్టపు బిగింపు వదులగును. దీనికితోడు చట్టము ఉదారమైనది. పెక్కు రాష్ట్రములలో మామూలు కారు లైసెన్సు కలవాడు 26,000 పౌండ్ల వరకు, అనగా సుమారు 11,800 కిలోల వరకు బరువుగల మోటారు హోమును నడపవచ్చును. నిన్నటివరకు చిన్న కారు నడిపినవాడు నేటి ఉదయము అద్దెబండి తాళము చేతికి రాగానే కదిలెడి మేడకు సారథి యగును.

వాడు మొదట మరచునది ఎత్తు. ఉత్తర కరోలినా రాష్ట్రమున డర్హాము నగరమందు రైలుదారి వంతెన ఒకటి కలదు. దాని క్రింది ఎడము 11 అడుగుల 8 అంగుళములు. హెచ్చరికలు వ్రాసిరి, దీపములు పెట్టిరి. అయినను అద్దె లారీల పైకప్పులను, ఇంటిబండ్ల మీది శీతలయంత్రములను ఆ వంతెన ఏండ్ల తరబడి గీరివేయుచునే వచ్చినది. తుదకు 2019లో వంతెననే 8 అంగుళములు పైకెత్తిరి. ఆ తరువాతను బండ్లు తగులుట మానలేదు. పెద్ద ఇంటిబండి పైయంత్రముతో కలిపి 12, 13 అడుగులుండును. కారు వారికి దారి చూపు టెలిఫోను పటము ఈ లెక్క నెరుగదు. నా మట్టుకు, బండి ఎత్తును అడుగులలోను అంగుళములలోను కాగితముపై వ్రాసి డ్రైవరు కన్నుల ఎదుట అంటించుట ఉత్తమమనుకొందును. పొడవును అట్లే. మాంటానా రాష్ట్రమున గ్లేసియరు జాతీయ వనములో గోయింగ్ టు ది సన్ అను సుందరమైన కొండదారి కలదు. దాని నడిమి భాగమున 21 అడుగులకు మించిన పొడవుగాని, అద్దములతో కలిపి 8 అడుగులకు మించిన వెడల్పుగాని కల బండ్లను పోనీయరు. ఇది ముందే తెలియనివారు వందల మైళ్ళు వచ్చి వెనుదిరుగవలసినదే.

ఇక బరువు. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఏలయన పెక్కు ప్రమాదములకు మూలము ఇచ్చటనే ఉన్నది. 1960లో జాన్ స్టయిన్‌బెక్ అను నవలాకారుడు లారీ వెనుక చిన్న ఇల్లు అమర్చుకొని, దానికి డాన్ క్విక్సోటు గుఱ్ఱము పేరు పెట్టి, చార్లీ అను కుక్కను వెంటబెట్టుకొని దేశము చుట్టివచ్చెను. ఆ యాత్రా వృత్తాంతము 'ట్రావెల్స్ విత్ చార్లీ' 1962లో వెలువడినది. చదువ తీరిక దొరకని పుస్తకములనే ఆయన నూటయేబది పౌండ్లు బండిలో కెక్కించెను. పనిముట్లు, తిండి, పానీయములు వేరు. ఫలితము ఆరెగన్ రాష్ట్రమున అనుభవమునకు వచ్చినది. వాన కురియుచున్న ఒక ఆదివారమున, బురదలో, వెనుక టైరు పగిలినది. అంత బరువునకు తగిన టైర్లు దొరకుటయే గగనమైనది.

మన ఇండ్లలో బియ్యపు బస్తా బరువు అందరికిని తెలియును, నీటి బరువు ఎవరికిని తోచదు. లీటరు నీరు ఒక కిలో. నూటయేబది లీటర్లు పట్టు తొట్టిని నింపుకొని బయలుదేరినచో ఇద్దరు లావుపాటి మనుష్యులను అదనముగా ఎక్కించుకొన్నట్లే. ప్రతి బండిలోను అది మోయగల గరిష్ఠ భారమును తెలుపు రేకు అంటించియుండును. లారీలు ఆగు చోట్ల తూనికయంత్రములు కలవు. కొద్ది రుసుముతో బండినంతయు, ఒక్కొక్క ఇరుసును వేరువేరుగ తూచి చీటీ ఇత్తురు. సామానంతయు ఎక్కించి, మనుష్యులు కూడ ఎక్కిన పిమ్మట తూచుకొనవలెను. ఉత్త బండిని తూచి సంతోషించిన లాభము లేదు.

టైరు విషయమున ఇంకొక మోసము కలదు. ఇంటిబండి ఏడాదిలో పెక్కు నెలలు కదలక నిలిచియుండును. కావున టైరు గాళ్ళు అరుగకమునుపే రబ్బరు ముసలిదగును. ఎండకు దాని పక్కలు బీటలు వారును. పైకి క్రొత్తదానివలె కనబడును. దాని పుట్టుక తెలిసికొనుటకు టైరు పక్కను డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస తుదనున్న నాలుగంకెలు చూడవలెను. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ఆరేడేండ్లు దాటిన టైరును, గాళ్ళు ఎంత లోతుగ ఉన్నను, నేను నమ్మను.

బరువెంత అనునదే కాక, ఎచ్చట పెట్టితిమనునదియు ముఖ్యమే. ఎద్దుబండి తోలినవారికి ఇది చెప్పనక్కరలేదు. ముందు బరువు హెచ్చినచో ఎద్దుల మెడలు క్రుంగును. వెనుక హెచ్చినచో కాడి పైకి లేచును. ట్రెయిలరు సూత్రమును ఇదియే. మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 వంతులు ముందుకొక్కెముపై ఉండవలెను. అంతకు తగ్గి, సామాను వెనుకకు చేరినచో, ప్రక్కనుండి పెద్ద లారీ దాటినప్పుడో, అడ్డగాలి వీచినప్పుడో ట్రెయిలరు తోకవలె ఇటునటు ఊగనారంభించును. లాగు బండిని కూడ ఊపును. అప్పుడు భయపడి బ్రేకు గట్టిగా తొక్కుట, లేదా స్టీరింగును ఎదురు త్రిప్పుట ఆపదను పెంచును. పెట్రోలు మెల్లగా తగ్గించి, స్టీరింగును తిన్నగా పట్టుకొని, ట్రెయిలరు బ్రేకును మాత్రము చేతి మీటతో వేయవలెను.

కొండ దిగునప్పుడు ఈ బరువంతయు బ్రేకులపై పడును. వ్యోమింగు రాష్ట్రమున జాక్సను పట్టణము చెంతనున్న టీటన్ కనుమలో వాలు నూటికి పది వరకు కలదు. అట్టి చోట కాలు బ్రేకుపైననే ఉంచి దిగినచో అవి కాగి, పట్టు వదలును. ఎక్కుటకు వేసిన చిన్న గేరులోనే దిగవలెనను లారీ డ్రైవర్ల పాత నియమము ఇచ్చట సరిగా వర్తించును.

బండి పరుగెత్తుచుండగా లోని సంసారము సాగుటయే నాకు అన్నిటికన్న ఎక్కువ దిగులు కలిగించు విషయము. ఇల్లువలె ఉన్నది కదా యని పిల్లలు పడకపై పండుకొందురు; అమ్మమ్మ లేచి కాఫీ పెట్టబోవును. హఠాత్తుగా బ్రేకు పడినచో బెల్టు లేని మనిషియు, మూత లేని పాత్రయు ఒకే రీతిగా ముందునకు ఎగురును. బయలుదేరునప్పుడు బెల్టున్న సీట్లెన్నియో లెక్కించి, అంతమందినే ఎక్కించుకొనవలెను. పడకల లెక్కను బట్టి మనుష్యులను ఎక్కించుట పొరపాటు. కాఫీ కావలెనన్నచో బండి ఆపవచ్చును. ఆపుటకే గదా ఈ ప్రయాణము!

వంటకు వాడునది ప్రొపేను. మన ఇండ్లలోని సిలిండరు గ్యాసునకు దగ్గరి చుట్టము. ఇదియు గాలికన్న బరువైనది. లీకైనచో నేలమీదనే చేరును. అందుచేతనే హెచ్చరిక యంత్రమును నేలకు దగ్గరగ బిగింతురు. దాని ముందు చెప్పులో సంచులో అడ్డము పెట్టరాదు. పాత ఇంటిబండ్లలో రెఫ్రిజిరేటరు సైతము ఈ గ్యాసు మంటతోనే నడచును. మంటతో చల్లదనము పుట్టించు ఈ విద్యను 1922లో స్టాక్‌హోములో ఫాన్ ప్లాటెన్, మున్టెర్స్ అను ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిరి. కదలెడి భాగమొక్కటియు లేదు. నీటిలో కరిగిన అమ్మోనియా కాగుటయు, చల్లారుటయు, హైడ్రొజను వాయువు తోడ్పాటును మాత్రమే దీని రహస్యము. అయితే బండి సమతలముగా నిలువనిదే ద్రవము సరిగా ప్రవహింపదు. గొట్టములు మితిమీరి కాగి, కాలక్రమమున చిట్లి, ప్రక్కనున్న మంటకు ఆహారమగును. 2006లో ఇట్టి యంత్రములను మంట భయముచే లక్షల సంఖ్యలో వెనుకకు పిలిపించి సవరించిరి. ఇటీవలి బండ్లలో బ్యాటరీతో నడచు రకము వచ్చుచున్నది. పాతరకమున్నవారు బండిని చదునుగా నిలుపుకొనవలెను. పెట్రోలు బంకులోనికి పోకముందే ప్రతి మంటను ఆర్పవలెను. నడచునంతసేపు సిలిండరు మూసియుంచుట మేలని నా మతము. తలుపు తీయకున్నచో లోని చల్లదనము కొన్ని గంటలు నిలుచును.

కొన్ని సొరంగ మార్గములలో ఈ గ్యాసుతో ప్రవేశమే లేదు. బాల్టిమోరు రేవు క్రిందుగా పోవు రెండు సొరంగములు అట్టివే. ఇంటిబండ్లవారు పూర్వము ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన మీదుగా పోయెడివారు. 2024 మార్చి 26న సరకుల నౌక ఢీకొని ఆ వంతెన కూలినది. అప్పటినుండి వారు నగరమునకు పడమటి వైపున చుట్టి పోవలసి వచ్చినది.

ప్రొపేనుకు వాసన కలిపి అమ్ముదురు గనుక ముక్కు హెచ్చరించును. కార్బన్ మోనాక్సైడు అట్టిది కాదు. దానికి రంగు లేదు, వాసన లేదు. విద్యుచ్ఛక్తికై రాత్రి జనరేటరును నడపి నిద్రించుచో దాని పొగ కిటికీ సందులనుండి లోనికి వచ్చును. పొగ మన జనరేటరుదే కానక్కరలేదు, ప్రక్క బండివారిదియు కావచ్చును. తలనొప్పి, వికారము, మగత, ఇవే గురుతులు. ప్రయాణపు బడలిక యనుకొని పడుకొన్నవారు మరల లేవకపోవుటయు కలదు. అర్ధరాత్రి ఊరక కూయుచున్నదని హెచ్చరిక యంత్రపు బ్యాటరీ ఊడదీయుట ప్రాణముతో చెలగాటము. అది కూసినచో అందరును ముందు బయటికి రావలెను. కారణము తరువాత వెదుకవచ్చును.

చిల్లర కష్టములకు కొదవ లేదు. విడిదిలో ఇచ్చు విద్యుత్తు పెక్కుచోట్ల 120 వోల్టులు, 30 ఆంపియర్లు. అనగా 3,600 వాట్లు. శీతలయంత్రము, మైక్రోవేవు, మన అన్నపు కుక్కరు ఏకకాలమున వేసినచో బండియంతయు చీకటి. మరుగుదొడ్డి తొట్టి కవాటమును నిండువరకు మూసియుంచి ఒక్కసారిగ వదలవలెను. ఎల్లప్పుడు తెరచియుంచినచో నీరు పోయి మిగిలినది మిగులును. ఆ తరువాతి కథ రేడియోలో చెప్పదగినది కాదు.

మంట సంగతి మిగిలినది. ఇంటిబండి గోడలు పలుచని చెక్క, ప్లాస్టికు, నురుగు రబ్బరు. అంటుకొన్నచో నిమిషములలో తలుపు చెంతకు పోవుట అసాధ్యమగును. పడకగది వైపున ఎర్రపిడి గల కిటికీ ఒకటి ఇందుకే ఉన్నది. ఏండ్ల తరబడి తెరువనందున దాని రబ్బరు అంటుకొని పోయియుండవచ్చును. నేలనుండి ఎత్తును ఎక్కువే. అద్దెబండి చేతికి వచ్చిన మొదటి సాయంకాలమున, భోజనమునకు ముందే, దానిని ఒకమారు పూర్తిగ తెరచి చూచి, పెద్దలను దాని గుండా దింపుటకు ఎవరు బయట నిలువవలెనో నిర్ణయించుకొనవలెను.