మడ అడవి చేయు మేలు



అడవి యనగానే ఎవరికైనను పెద్దపులియు, టేకుమ్రానును, కొండచరియలును మనస్సునకు తోచును. కాని గోదావరి సముద్రమున కలియు చోట, కాకినాడకు దక్షిణముగా, కోరంగి తీరమున మరియొక విధమైన అడవి కలదు. అది బురదలో పెరిగి, ప్రతిదినమును పోటునీట మునిగి తేలును. అదియే మడ అడవి.

ఉప్పునీటిలో సామాన్యవృక్షము బ్రతుకజాలదు. బురదలో వేళ్లకు గాలి దొరకదు. మడచెట్టు ఈ రెండు కష్టములకును ఉపాయము నేర్చినది. దాని శ్వాసవేళ్లు మేకులవలె బురదనుండి పైకి లేచి గాలిని పీల్చును. అధికమైన ఉప్పును ఆకులు వెలుపలికి విడుచును. వేళ్ల నడుమ ఒండ్రు నిలిచి నేల గట్టిపడును. రొయ్యపిల్లలకును, పీతలకును, చేపపిల్లలకును ఆ చాటే పెంపుడిల్లు. జాలరి సముద్రములో పట్టు చేపలలో పెక్కింటి బాల్యము ఈ అడవిలో గడచినదే.

కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. బర్మాలో ఆంధ్రులను ‘కోరంగీలు’ అని పిలుచుటకు ఈ రేవే కారణము. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని నాశనము చేసినవి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది ఉప్పెనకు బలియైరి. 1999 అక్టోబరులో ఒరిస్సాను పెనుతుపాను తాకిన పిదప, కేంద్రపడ జిల్లా గ్రామములను పరిశోధకులు పోల్చి చూచిరి. సముద్రమునకును ఊరికిని నడుమ మడ అడవి వెడల్పుగా నున్న చోట్ల మరణములు తక్కువగా నుండెను. ప్రభుత్వపు ముందుహెచ్చరిక అంతకంటె ఎక్కువ ప్రాణములను కాపాడినదనియు వారే తెలిపిరి. కనుక అడవి యున్నదని హెచ్చరికను ఉపేక్షింపరాదు. హెచ్చరిక యున్నదని అడవిని నరుకరాదు.

మడకఱ్ఱకు బజారులో టేకునకున్న వెల లేదు. అందుచే అది చులకనయైనది. పేదలు వంటచెరకునకు కొంత నరికిరి. 1990 ప్రాంతమున రొయ్యల చెరువులకై మరికొంత పోయినది. 1978లో కోరంగి అభయారణ్యమైనది. గోదావరి, కృష్ణా ముఖద్వారములలో పాడుపడిన చోట్ల కాలువలు త్రవ్వి, పోటునీటిని పారించి, మొక్కలు నాటగా అడవి తిరిగి లేచినది. ఆ పనిలో తీరగ్రామముల వారును చేయి కలిపిరి. కావలివానికి కూలి యిచ్చినంత మాత్రమున అడవి నిలువదు; దాని నీడన బ్రతుకు వారికి పొయ్యిలోనికి వేరొక వంటచెరకు దొరకవలెను.

ఉద్యోగములకై దూరప్రాంతములలో నున్న కుటుంబములు సెలవులలో స్వస్థలమునకు వెళ్లునప్పుడు పిల్లలకు దేవాలయములను చూపుదురు. ఒక పూట కోరంగిని కూడ చూపుట మంచిది. బురదనుండి తలయెత్తిన ఆ వేళ్లను కన్నులార చూచిన బిడ్డ, పెద్దయై ఏ కార్యాలయములో కూర్చున్నను, తీరభూమిని గూర్చిన కాగితముపై సంతకము చేయుటకు ముందు ఒక్క క్షణము ఆలోచించును.