మూతపడిన గ్రంథాలయం మళ్లీ ఎలా తెరుచుకుంది?

(సొసైటీ వార్షిక సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మేము స్కాలర్‌షిప్పుల గురించి, ఫీజుల గురించి మాట్లాడుతుంటాం. ఈసారి పాత పుస్తకాల గురించి, పాత కాగితాల గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరు మీలో కొందరు వినే ఉంటారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన రాజ్ రెడ్డి గారు, పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని తలపెట్టారు. అందులో మన దేశం వాటా ఇది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దీనికి పెద్ద అండగా నిలిచాయి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, నేడు అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీగా ఉన్నచోటి పుస్తకాలు కూడా స్కాన్ అయ్యాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం దారుత్తర్జుమా వేయించిన ఉర్దూ పాఠ్యపుస్తకాలు, పాత తెలుగు చరిత్ర గ్రంథాలు పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే దొరికాయి. ఊరి చరిత్ర రాసుకునే రిటైర్డ్ ఉద్యోగి, లైబ్రరీ లేని మండలంలో ఉన్న టీచరు, పరిశోధక విద్యార్థి అందరూ ఒకే బల్ల ముందు కూర్చున్నట్టయింది.

ఒక ఇబ్బంది మాత్రం ఉండేది. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పుల తడకగా ఉండేవి. ఉన్న పుస్తకమే వెతికితే దొరికేది కాదు. తెలుగు వికీపీడియా వాలంటీర్లు ఓపికగా కూర్చుని తెలుగు పుస్తకాల జాబితాలు తయారుచేశారు.

తర్వాత కాపీరైటు అభ్యంతరాలు వచ్చాయి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ఆ గడువు తీరని పుస్తకాలు కూడా వాటిలో కలిసిపోయాయి. 2017 నాటికి ఆ గ్రంథాలయం జనానికి అందకుండా పోయింది. హక్కు తీరినవీ, తీరనివీ అన్నీ ఒకే తలుపు వెనక ఉండిపోయాయి.

అయితే అప్పటికే కార్ల్ మాలముద్ అనే అమెరికన్ అందులోని పుస్తకాలకు నకళ్లు తీసి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. అలా నాలుగు లక్షలకు పైగా పుస్తకాలు మళ్లీ చదువరుల చేతికొచ్చాయి. నేడు మన పిల్లలు ఫోనులో తెరిచే పాత తెలుగు, ఉర్దూ పుస్తకాల్లో ఎన్నో అక్కడివే.

పుస్తకాలు బతికింది రెండో చోట నకలు ఉండబట్టి. వాడుకలోకి వచ్చింది, ఎక్కడ ఏముందో చెప్పే జాబితా కోసం కొందరు కష్టపడబట్టి. ఆ రెండో చోటు కూడా శాశ్వతం కాదు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఇంటర్నెట్ ఆర్కైవే కొన్ని రోజులు మూతపడింది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. మన మసీదు బీరువాల్లో, ఖాజీల ఇళ్లలో, పాత మదర్సాల్లో వక్ఫ్‌నామాలు, నికాహ్ రిజిస్టర్లు, పాఠశాల హాజరు పట్టీలు ఉన్నాయి. వాటికి రెండో ప్రతి ఎక్కడుంది? వక్ఫ్ భూమి మీద తగాదా వస్తే మొదట అడిగేది కాగితమే. చెదలు తిన్నాక ఏ వకీలూ దాన్ని తెచ్చివ్వలేడు. శికస్తా రాతను చదవగల పెద్దలు కూడా ఏటేటా తగ్గిపోతున్నారు.

అందుకే మా మనవి ఇది. ఈ కాగితాలను స్కాన్ చేయించి, ఒక ప్రతి ఇక్కడ, ఒకటి మరో ఊళ్లో ఉంచుదాం. తెలుగులోనూ ఉర్దూలోనూ జాబితా రాయిద్దాం. నికాహ్ రిజిస్టర్ల వంటి ఇంటి సంగతులు బయటపెట్టకుండా, సంబంధించిన వారు అడిగితేనే చూపిద్దాం. హార్డ్‌డిస్కులు పనిచేస్తున్నాయో లేదో ఏడాదికోసారి చూసి, పాతబడినవి మారుద్దాం.

ప్రారంభోత్సవానికి విరాళం ఇచ్చేవారు, అల్‌హమ్దులిల్లాహ్, మనలో చాలామంది ఉన్నారు. పదో ఏడు హార్డ్‌డిస్కు మార్చడానికి ఇచ్చేవారు కావాలి. వక్ఫ్ ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకేనని మన ఫిఖ్హ్ పెద్దలు ఊరికే చెప్పలేదు. కట్టినదాన్ని నిలబెట్టడం కూడా సదఖా జారియాయే. ఏటా చిన్న మొత్తమైనా ఈ పనికి కేటాయించండి. పిల్లలతో జాబితా రాయించే బాధ్యత టీచర్లుగా మేము తీసుకుంటాం, ఇన్‌షా అల్లాహ్.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక.