హారన్ మూగబోతే ముందు గాలి చూడండి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి సైన్యం అమ్మివేసిన పాత ట్రక్కు ఒకటి కొన్నాడు. ఎం-35ఏ2 అంటారు, రెండున్నర టన్నులది. నేను వెళ్ళినప్పుడు దాని గాలి హారన్ మోగడం లేదు. నేను మెకానిక్కును కాను, గుమాస్తాను. ఫైలు కదలకపోతే ఏ బల్ల దగ్గర ఆగిందో వరుసగా చూడడమే నాకు తెలిసిన విద్య. అక్కడా అదే పనికివచ్చింది.

మొదటి బల్ల గాలి. కంప్రెసరు ట్యాంకుల్లో నింపిన గాలే హారన్‌కూ, బ్రేకుకూ బలం. ఇంజను నడుస్తున్నా గేజి ముల్లు లేవకపోతే బండి కదపరాదు. మా బండిలో జరిగింది అదే. జాయింట్లకు సబ్బునీళ్ళు పూస్తే ఒకచోట బుడగలు లేచాయి.

గాలి సరిగా ఉంటే రెండో బల్ల కరెంటు. ఈ బండిది 24 వోల్టులు. కారు బల్బుతో పరీక్షిస్తే మాడిపోతుంది. మీట నొక్కగానే వాల్వు 'టక్' మనాలి. అనకపోతే స్టీరింగు మీట, వైర్లు, తుప్పు పట్టిన కనెక్షన్లు చూడాలి.

'టక్' మన్నా మోగకపోతే మూడో బల్ల: గొట్టంలో నీరో, హారన్‌లోని పల్చని రేకు మీద మురికో ఉండవచ్చు. గొట్టం విప్పేముందు ఇంజను ఆపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ట్యాంకుల్లో గాలి వదిలివేయాలి.

హారన్ లేకపోతే కేక వేయవచ్చు. బ్రేకు లేకపోతే కేక వేసీ లాభం లేదు. చిన్న ఫిర్యాదును తోసిపుచ్చకండని మనవి.